తీగెనుండి గాజుపోగు వరకు: సమాచార వేగపు కొలతల చరిత్ర

కొలత లేనిదే వర్తకము లేదు. ఒకే పేరుగల కొలత ఊరికొక తూకమును తెలుపునప్పుడు నష్టపడువాడు ఎల్లప్పుడును ఆ భేదము తెలియనివాడే. బ్రిటిషు పరిపాలనా కాలమున మణుగు అను పేరు దేశమున పలుచోట్ల వాడుకలో నుండెను. కాని మద్రాసు మణుగు 25 పౌన్లు. అందు 8 వీశెలు. బొంబాయి మణుగు 28 పౌన్లు. బంగాళపు బజారు మణుగు 82 పౌన్లకు పైచిలుకు. బ్రతుకుతెరువునకై ఒక రాజధానినుండి మరియొక రాజధానికి తరలిన తెలుగు కుటుంబములు ‘మణుగు’ అను మాటను వెంటగొనిపోగలిగినవి గాని, ఆ మాట వెనుకనున్న తూకమును కొనిపోలేకపోయినవి. స్వాతంత్ర్యానంతరము 1956లో తూనికలు, కొలతల శాసనము వచ్చి, 1958 అక్టోబరు 1వ తేదీనుండి మెట్రిక్ పద్ధతి క్రమక్రమముగా అమలు జరిగిన పిమ్మటగాని ఆ చిక్కు తీరలేదు.

ఈనాడు అట్టి చిక్కే వేరొక సరకు విషయమున కలుగుచున్నది. అది కంటికి కనబడని సరకు. టెలిఫోను తీగెపై గాని, గాజుపోగుపై గాని ఒక్క సెకనులో ఎంత సమాచారము సాగునో తెలుపు వేగమే అది. డయల్-అప్ కాలమున జనులు “యాబదియారు కె” అనిరి, గాజుపోగు కాలమున “నూరు ఎం.బి.” అనుచున్నారు. రెండవది మొదటిదానికి ఎన్ని రెట్లు? ఈ ప్రశ్నకు గుణకార భాగహారములు మాత్రమే చాలవు. ఏ కాలమున దేనిని లెక్కించిరో తెలిసికొనవలయును. మాట, మాత్ర, బిట్టు, బైటు అను నాలుగు కొలతల చరిత్ర తెలిసినగాని ఆ లెక్క సరిగా తేలదు.

తంతి కాలము: మాటల లెక్క

భారతదేశమున విద్యుత్తంతి ప్రయోగములను విలియం ఓషానెస్సీ అను వైద్యుడు 1839లో కలకత్తా చెంత ప్రారంభించెను. 1851 నాటికి కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ తంతి నడచుచుండెను. 1855లో ఆ సౌకర్యము ప్రజలకు లభించెను. నాటినుండి 2013 జులైలో తంతిసేవ ముగియువరకు సామాన్యునికి తెలిసిన కొలత మాటయే. రుసుము మాటల లెక్కను నిర్ణయింపబడెను. తంతి పంపువాని నేర్పును ‘నిమిషమునకు ఇన్ని మాటలు’ అనియే చెప్పుచుండిరి.

కాని మాటలన్నియు ఒకే పొడవుగలవి కావు. అందుచే రోమను లిపిలో వ్రాసిన ‘పారిస్’ అను పేరును ప్రమాణ పదముగా గైకొనిరి. తెలుగు ఛందస్సున లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. మోర్సు సంకేతమునను ఇట్టి మాత్రల లెక్కయే కలదు. అయితే చుక్కకు ఒక మాత్ర, గీతకు మూడు మాత్రలు. ఒకే అక్షరములోని గుర్తుల నడుమ ఒక మాత్ర, అక్షరముల నడుమ మూడు మాత్రలు, మాటల నడుమ ఏడు మాత్రలు విరామము. ఈ లెక్కను ‘పారిస్’ అను మాట, దాని తరువాతి విరామముతో గూడ, సరిగా 50 మాత్రలగును. నిమిషమునకు 20 మాటలు పంపువాడు నిమిషమునకు 1,000 మాత్రలు, అనగా సెకనుకు రమారమి 17 మాత్రలు పలికించుచున్నాడన్నమాట.

మాటనుండి మాత్రకు

చేతితో పంపు పద్ధతి పోయి యంత్రములు ప్రవేశించినప్పుడు మాటకంటె మాత్రయే సరియైన కొలత అయ్యెను. ఫ్రాన్సు దేశీయుడగు ఎమీల్ బోదో 1874లో ప్రతి అక్షరమునకును ఐదే మాత్రలు గల సంకేతమునకు పేటెంటు పొందెను. సెకనుకు ఒక మాత్ర సాగిన ఆ వేగమును ఆయన పేరున ‘బాడ్’ అని వ్యవహరించిరి.

టెలిప్రింటరు సాధారణ వేగము 50 బాడ్. దీనిని మాటలలోనికి మార్చిచూచినచో మనకు మొదటి పాఠము లభించును. అక్షరమునకు ఐదు మాత్రలే యైనను, దాని ఆరంభమును తెలుపుటకు ఒక మాత్ర, ముగింపును తెలుపుటకు ఒకటిన్నర మాత్ర కావలయును. వెరసి ఏడున్నర. 50ని ఏడున్నరచే భాగింపగా సెకనుకు ఆరింటికి పైగా, నిమిషమునకు 400 అక్షరములు వచ్చును. ఐదక్షరములును ఒక ఖాళీయు గలది మాటయనుకొన్నచో, నిమిషమునకు 66 మాటలకు మించదు. తీగెపై సాగిన మాత్రలలో మూడవవంతు వార్త కాదు. వార్తను మోయుటకైన బంధనము. బస్తాతో తూచిన బియ్యమునుండి బస్తా బరువును తీసివేయుటవంటిదే ఈ లెక్క. వేగమును మార్చి చెప్పు ప్రతివాడును ఆ తరుగును జ్ఞప్తియందుంచుకొనవలయును.

ఐదు మాత్రలతో కూర్చదగిన సంకేతములు 32 మాత్రమే. వాటిలో తెలుగు వర్ణమాలకు చోటు లేదు. తంతి యుగమున తెలుగువాడు తన తల్లికి పంపిన వార్తయైనను ఆంగ్లమున గాని, రోమను లిపిలో గాని పోవలసినదే.

బిట్టు, మోడెం

1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతమును ప్రకటించెను. అవును, కాదు అను రెండింటిలో ఏది నిజమో తెలుపు సమాచారమునకు ‘బిట్టు’ అను పేరును ఆ రచనలో వాడెను. ఆ పేరును సూచించినవాడు జాన్ టూకీ అని షాననే పేర్కొనెను. అంతవరకు తీగెపై సాగు మాత్రలను లెక్కించిరి; ఇకమీదట ఆ మాత్రలలోని అర్థమును లెక్కించుట సాధ్యమయ్యెను.

టెలిఫోను తీగె మనుష్య కంఠమునకై ఏర్పడినది. సెకనుకు 300 మొదలు 3,400 వరకు గల కంపనములను మాత్రమే అది చక్కగా మోయును. కంప్యూటరు అంకెలను అట్టి ధ్వనులుగా మార్చి పంపుట, ఆవలి చివర తిరిగి అంకెలుగా మార్చుట మోడెం అను పరికరపు పని. 1962లో అమెరికాలో బెల్ సంస్థ వెలువరించిన 103వ రకపు మోడెం సెకనుకు 300 బిట్లు పంపెను. దానియందు మాత్రకు ఒక బిట్టే గావున 300 బాడ్, 300 బిట్లు అను రెండును ఒక్కటియే. ఇక్కడనే పొరపాటునకు బీజము పడినది. పిమ్మట వచ్చిన మోడెములు ఒక్కొక్క మాత్రలో పెక్కు బిట్లను ఇమిడ్చినవి. సెకనుకు 2,400 బిట్లు పంపిన వి.22 బిస్ మోడెం వేగము 600 బాడ్ మాత్రమే. మాత్రకు నాలుగు బిట్లు. 1984లో ప్రమాణమైన వి.32 మోడెం సెకనుకు 9,600 బిట్లు పంపినను, మాత్రలు 2,400లే. ఐనను వాడుకలో దానిని ‘9,600 బాడ్’ అని తప్పుగా చెప్పుచుండిరి. పద్యపాదములో మాత్రల సంఖ్య మారకుండ భావమును చిక్కబరచిన కవి నేర్పువంటిది ఆ ఇంజనీర్ల నేర్పు. అందుచే బాడ్ సంఖ్యను చూచి బిట్ల సంఖ్యను చెప్పరాదు. మాత్రకు ఎన్ని బిట్లో తెలిసినప్పుడే ఆ మార్పు సాధ్యము.

ఇట్లు చిక్కబరచుటకును హద్దు కలదని షానన్ సిద్ధాంతము నిరూపించినది. వార్త బలము తీగెలోని సద్దుకు వెయ్యిరెట్లు ఉన్నదనుకొన్నచో, 3,100 కంపనముల వెడల్పుగల టెలిఫోను మార్గమున సెకనుకు ఇంచుమించు 31,000 బిట్లకు మించి సాగవు. 1994లో వి.34 ప్రమాణము 28,800 బిట్లను, 1996లో దాని సవరణ 33,600 బిట్లను సాధించినవి. ఇవి ఆ హద్దు దరిదాపులవే; తీగె మేలైనదైనప్పుడే అంత వేగము లభించెను. 1998లో వచ్చిన వి.90 మోడెం 56,000 బిట్లు పలికెనేని, అది హద్దును అతిక్రమించుట కాదు. సమాచారము పంపువాని పక్షమున టెలిఫోను కేంద్రము వరకు మార్గమంతయు అప్పటికే అంకెలతో నడచుచుండుటచే సద్దు తగ్గినది. ఆ వేగమును దిగుమతికే; ఎగుమతి వేగము 33,600 దాటలేదు.

మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్టు సౌకర్యము కల్పించిరి. తొలుత బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములకు అది లభించెను. వీటిలో మద్రాసును, బొంబాయియు తెలుగువారికి తరతరముల నివాసభూములు. ఆనాటి డయల్-అప్ వేగము సెకనుకు 9,600 బిట్లు.

ఎనిమిది వేల సంఖ్య

డయల్-అప్పునకును గాజుపోగునకును నడుమ వంతెనగా నిలిచిన సంఖ్య ఒకటి కలదు. అది 8,000. ఒక ధ్వనిని అంకెలుగా మార్చవలెనన్న, అందలి అత్యధిక కంపనమునకు రెట్టింపు పర్యాయములు దానిని కొలువవలయును. మాటాడు కంఠమునకు 4,000 కంపనములు చాలునని యెంచి, సెకనుకు 8,000 పర్యాయములు కొలుచుటకు నిర్ణయించిరి. ఒక్కొక్క కొలతను 8 బిట్లతో వ్రాసినచో సెకనుకు 64,000 బిట్లగును. అంకెల పద్ధతిలో ఒక టెలిఫోను సంభాషణకు ఇదియే మూలధనము. అమెరికాలో ఆ ఎనిమిదింటిలో ఒక బిట్టు నమ్మదగినది గాకపోవుటచే, మిగిలిన ఏడింటిని 8,000తో గుణింపగా 56,000 వచ్చినది. ‘యాబదియారు కె’ అను ప్రసిద్ధ సంఖ్య పుట్టుక ఇదియే.

ఐరోపా పద్ధతి ననుసరించిన మన దేశమున 64,000 బిట్ల మార్గములను 32 చొప్పున ఒక కట్టగా కట్టిరి. ఆ కట్ట వేగము సెకనుకు 20,48,000 బిట్లు. అందు 30 మార్గములు సంభాషణలకు. తక్కిన రెండు కట్టను నడపుటకు. ఇక్కడను తరుగు తప్పలేదు.

కాంతి కాలము

1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ అను ఇరువురు ఇంగ్లండులో ఒక వ్యాసము ప్రకటించిరి. గాజులోని మలినములను తొలగించినచో కాంతి అందు దూరప్రయాణము చేయగలదని వారి నిర్ణయము. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు అట్టి పోగును తయారుచేసి ఆ మాటను నిజము చేసిరి. కావో 2009లో నోబెల్ బహుమతి నందుకొనెను. భారతదేశమున 1979లో పుణెలో స్థానిక టెలిఫోను కేంద్రములను కలుపుటకు గాజుపోగును వాడిరి.

కాంతి మార్గములకు ప్రపంచమంతటికి ఒకే కొలత కావలసివచ్చినప్పుడు, 1988లో అంతర్జాతీయ సంస్థ ఒక ప్రమాణమును స్థిరపరచెను. దాని మూలప్రమాణమునకు ఎస్.టి.ఎం.-1 అని పేరు. అందలి ఒక్కొక్క చట్రము 9 వరుసలు, 270 నిలువు గళ్లు గల పట్టికవంటిది. గడియకు 8 బిట్లు. అట్టి చట్రములు సెకనుకు ఎన్ని సాగవలయును? సరిగా 8,000. కంఠధ్వనిని కొలిచిన ఆ పాత సంఖ్యయే కాంతికిని తాళమైనది. 9ని 270తో, దానిని 8తో, మరల 8,000తో గుణింపగా సెకనుకు 15,55,20,000 బిట్లు, అనగా 155.52 మెగాబిట్లు వచ్చును. తరువాతి మెట్లు నాలుగేసి రెట్లు: 622.08, 2,488.32, 9,953.28 మెగాబిట్లు. చివరి దానినే లోకులు ‘పది గిగాబిట్లు’ అని పూర్ణాంకముగా చెప్పుచుందురు.

ఈ సంఖ్యలను డయల్-అప్పుతో పోల్చుట ఇప్పుడు సులభము. ఒక ఎస్.టి.ఎం.-1 మార్గము 9,600 బిట్ల డయల్-అప్పునకు సరిగా 16,200 రెట్లు. 56,000 బిట్ల మోడెముతో పోల్చిన 2,777 రెట్లకు కొంచెము పైన. 64,000 బిట్ల సంభాషణలకు 2,430 రెట్లు. కాని 2,430 సంభాషణలు అందు ఇముడునా యన్న, ఇముడవు. 30 సంభాషణల కట్టలు 63 మాత్రమే పట్టును, అనగా 1,890. తక్కినది చట్రమును నడపుటకై పోవును. టెలిప్రింటరు నాటి బస్తా బరువు కాంతి కాలమునను వదలలేదు.

2002లో మద్రాసును సింగపూరును కలుపుచు సముద్రగర్భమున ఒక గాజుపోగు తంతి వేయబడినది. దాని పూర్ణసామర్థ్యము సెకనుకు 8.4 టెరాబిట్లుగా రూపొందించిరి. ఎనిమిది జతల పోగులలో, జతకు 105 వర్ణముల కాంతికిరణములు, కిరణమునకు పది గిగాబిట్లు. 56,000 బిట్ల డయల్-అప్పు మార్గములు పదునైదు కోట్లు ఒక్క తంతిలో అమరినట్లు. ఏడేండ్లకు పూర్వము 9,600 బిట్లతో ఇంటర్నెట్టును చవిచూచిన నగరపు తీరమునకే ఆ తంతి చేరినది.

బిట్టు, బైటు: వెయ్యి, వెయ్యిన్ని ఇరువదినాలుగు

ఇంతవరకు చెప్పినవి ఇంజనీర్ల లెక్కలు. ఇంటివాడు నష్టపడుచోటు వేరొకటి. కంప్యూటరు తన నిల్వను బిట్లలో గాక బైట్లలో లెక్కించును. 1956లో వెర్నర్ బుక్‌హోల్జ్ ఈ పేరును కల్పించెను. కాలక్రమమున 8 బిట్లు ఒక బైటుగా స్థిరపడినది. మార్గపు వేగమును అమ్మువారు బిట్లలో చెప్పుదురు. దిగుమతి యగు పుస్తకపు పరిమాణమును కంప్యూటరు బైట్లలో చూపును. “నూరు ఎం.బి.” అని చెప్పి ఇచ్చునది నూరు మెగాబిట్లు. అది సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. సంక్షేపాక్షరములు ఒకటే యగుటచే, మణుగు విషయమున జరిగినట్లే, మాట ఒకటి, తూకము వేరొకటి యగుచున్నది.

రెండవ భేదము వెయ్యికి సంబంధించినది. సమాచార మార్గములలో కిలో యనగా 1,000. కంప్యూటరు జ్ఞాపకశక్తిని రెండు రెట్ల లెక్కను పెంచుటచే అక్కడ కిలో యనగా 1,024 అని వాడిరి. కిలో వద్ద నూటికి రెండున్నర లోపుగనే యున్న ఈ తేడా, మెగా వద్ద ఇంచుమించు ఐదు, గిగా వద్ద ఏడుకు పైన, టెరా వద్ద దాదాపు పది యగును. 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘమువారు 1,024 లెక్కకు ‘కిబి’, ‘మెబి’ మొదలగు వేరు పేర్లు పెట్టిరి. అవి శాస్త్రగ్రంథములలో చోటుచేసికొన్నంతగా జనవ్యవహారమున చోటుచేసికొనలేదు.

తెలుగు అక్షరపు బరువు

తెలుగువారికి ఈ లెక్కలలో మరియొక విశేషము కలదు. భారతీయ లిపులకై 1991లో ప్రమాణముగా వెలువడిన ఇస్కీ సంకేతమున ఒక్కొక్క గుర్తునకు ఒక బైటు చాలుచుండెను. అదే సంవత్సరము వెలువడిన యూనికోడు తొలి కూర్పులో తెలుగునకు 128 స్థానముల ప్రత్యేక విభాగము లభించినది. యూనికోడును మార్గములపై పంపుటకు 1992లో రూపొందిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైట్లు. ‘తెలుగు’ అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. వెరసి ఆరు గుర్తులు, 18 బైట్లు, 144 బిట్లు. అదే మాటను రోమను లిపిలో ఆరక్షరములతో వ్రాసినచో 6 బైట్లు, 48 బిట్లు. తల్లిభాషలో వ్రాసినందులకు మూడు రెట్ల బరువు.

డయల్-అప్ కాలమున ఇది చిన్న భారము కాదు. 2,000 గుర్తులు గల తెలుగు పుట 48,000 బిట్లు. 9,600 బిట్ల మార్గమున దానికి ఐదు సెకనులు పట్టును. అంత పొడవుగల ఆంగ్లపు పుటకు రెండు సెకనులు నిండవు. యూనికోడు వ్యాప్తికి రాకపూర్వము తెలుగు పత్రికలు తమతమ ప్రత్యేక ఫాంటులతో వెలువడుచుండుటచే, కొన్ని యెడల పుటను బొమ్మగా పంపవలసివచ్చుటచే, భారము ఇంకను హెచ్చైనది. ఎస్.టి.ఎం.-1 వేగమున అదే పుటకు సెకనులో మూడువేలవ వంతు చాలును. తంతి సంకేతములు తెలుగు అక్షరమును వెలుపలనే నిలిపినవి. డయల్-అప్పు లోనికి రానిచ్చినను సుంకము వసూలు చేసినది. గాజుపోగు ఆ సుంకమును గమనింపరానంత తేలిక చేసినది.

ఇంటి లెక్క, బడి లెక్క

ఈ లెక్కలు తెలుగునాటికి వెలుపలనున్న తెలుగు బడులకు ప్రత్యేకముగా అవసరములు. అచ్చుపుస్తకము దొరకనిచోట అంకెల రూపమున నున్న పుస్తకమే విద్యార్థికి ఆధారము. 50 మెగాబైట్ల పాఠ్యపుస్తకము ఒకటి కలదనుకొందము. అది 40 కోట్ల బిట్లు. తరుగును లెక్కింపక చూచినను, 9,600 బిట్ల మార్గమున దాని దిగుమతికి పదకొండున్నర గంటలు దాటును. 56,000 బిట్లతో ఇంచుమించు రెండు గంటలు.

మన ప్రభుత్వము బ్రాడ్‌బాండ్ అను పేరునకు 2004లో కనీస వేగము 256 కిలోబిట్లుగా, 2013లో 512 కిలోబిట్లుగా, 2023లో 2 మెగాబిట్లుగా నిర్ణయించినది. ఆ పుస్తకమునకు మొదటి వేగమున 26 నిమిషములు, రెండవ దానితో 13 నిమిషములు, మూడవ దానితో 3 నిమిషముల 20 సెకనులు. పేరు ఒకటే; ఇరువది యేండ్లలోపున తూకము దాదాపు ఎనిమిది రెట్లు పెరిగినది. 2011లో ఆమోదము పొంది, 2015లో భారత్‌నెట్ అను పేరు దాల్చిన పథకము గ్రామ పంచాయతీలకు గాజుపోగు ద్వారా 100 మెగాబిట్ల వేగమును లక్ష్యముగా పెట్టుకొన్నది. ఆ వేగము పూర్తిగా లభించినచో మన పుస్తకమునకు 4 సెకనులు. కాని ఒకే మార్గమును 50 ఇండ్లవారు ఒకే సమయమున వాడినచో ఇంటికి 2 మెగాబిట్లే దక్కును. నాలుగు సెకనులు మరల మూడు నిమిషములు దాటును.

కావున వేగమును తెలుపు సంఖ్యను విన్నవాడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలయును. లెక్కించినది మాత్రయా, బిట్టా, బైటా? వెయ్యి ఏ వెయ్యి? ఆ సంఖ్యలో మోతకై పోవు తరుగు ఎంత? ఆ మార్గమున భాగస్వాములు ఎందరు? ఈ నాలుగింటికి సమాధానము తెలిసినచో తంతి మాటనుండి కాంతికిరణము వరకు ఏ కొలతనైనను ఏ కొలతలోనికైనను మార్చుట ఐదవ తరగతి అంకగణితమే. తెలియనిచో పెద్ద సంఖ్యయే పెద్ద సరకుగా కనబడును.

పూర్వము మన పెద్దలు వీశెలు, మణుగులు, సోలలు, తవ్వల ఎక్కములను పిల్లలచే వల్లె వేయించిరి. బజారులో బిడ్డ మోసపోరాదనియే వారి తలంపు. పరరాష్ట్రములలోని తెలుగు బడులు బిట్ల, బైట్ల ఎక్కమును తెలుగు మాటలతోనే నేర్పుట ఆ సంప్రదాయమునకు కొనసాగింపే యగును. తంతి కాలమున తెలుగువాడు తన భాషను ఇంటివద్ద విడిచి తంతి కార్యాలయమునకు పోయెను. గాజుపోగు కాలమున అతడు తన భాషతోనే పోవచ్చును. వెంట లెక్కయు తెలిసి పోవుట మేలు.